ముళ్ల కంచెలో దవనం

తేనెకోన అడవిలో ఏనుగులు, జింకలు, కుందేళ్లు, ఒక నెమలి, ఒక ముళ్లపంది కాపురముండేవి. ఆ అడవికొక ఆచారం ఉంది. పిల్ల పుడితే దాని చెవిలో దవనం రెమ్మ పెట్టి, ముసలి ఏనుగవ్వ పేరు పెట్టాలి. దవనమంటే తెలుసుగా, ఈకలాంటి లేత ఆకులతో ఘుమఘుమలాడే మొక్క! ఆ రెమ్మ లేనిదే పేరు లేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయి దవనమంతా మాడిపోయింది. పుట్టిన పిల్లలకి పేర్లు లేవు. ఏ తల్లయినా "ఒసే పిల్లా!" అని కేకేస్తే చాలు, అడవిలోని పిల్లలన్నీ పొలోమని పరుగెత్తుకొచ్చేవి. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. ఒకరోజు తోడేలు వచ్చింది. జింక భయంతో "పిల్లా, ఇటు రా!" అని అరిచింది. దాని కూతురితోపాటు ఎక్కడెక్కడో పొదల్లో దాక్కున్న పిల్లలూ బయటికొచ్చి అటే పరుగెత్తి తోడేలు నోట పడబోయాయి. ఏనుగవ్వ ఘీంకరించబట్టి గండం గడిచింది. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ముళ్లపంది రేగమ్మకైతే కంటిమీద కునుకే లేదు. ఆమెకున్నది ఒక్కతే కూతురు.

వానలు వెలిసి చలి మొదలవగానే ఏనుగవ్వ తను దాచిన చిటికెడు విత్తనాలు నెమలి పింఛయ్యకిచ్చింది. అడవిలో పూజలన్నీ అతని చేతిమీదే జరుగుతాయి. ఆ సంగతి అతను ఎవరినీ మరిచిపోనివ్వడు కూడా.

పింఛయ్య మట్టితో గద్దె కట్టి విత్తనాలు చల్లాడు. అవి దుమ్ములా సన్నగా ఉన్నాయి. రేగమ్మ ఆత్రంగా వంగి చూసింది.

"దూరం జరుగు! నీ ముళ్లు గుచ్చుకుంటాయి," అని కసిరాడు పింఛయ్య.

మొలకలు రాగానే అడవికి పండగొచ్చింది. రోజూ అందరూ గద్దె చుట్టూ ప్రదక్షిణలు చేశారు. పసుపునీళ్లు పోశారు. మొలకల్ని తాకి కళ్లకద్దుకున్నారు. రేగమ్మ కూడా దొప్పెడు నీళ్లు పోసి దండం పెట్టుకుంది. పాపం, అంత భక్తిని ఆ మొలకలు ఎక్కడ మోస్తాయి? మెడలు వాల్చేసి కుళ్లిపోయాయి.

"ముళ్లదాని దిష్టి తగిలింది!" అన్నాడు పింఛయ్య. "ఇక నువ్వు ఏ పూజకీ రావద్దు."

రేగమ్మ ఏడుస్తూ ఇంటికొచ్చింది. బొరియ ముందు ఇసుకలో ఏదో పచ్చగా కనిపించింది. దవనం మొలకలు! ఆ రోజు వంగి చూసినప్పుడు గాలికెగిరిన విత్తనాలు ఆమె ముళ్లలో చిక్కుకున్నాయి. ఇంటికొచ్చి ఒళ్లు విదిలించుకుంటే ఇక్కడ రాలాయి.

రేగమ్మ సంతోషం పట్టలేక వాగుకి పరుగెత్తి దొప్పతో నీళ్లు తెచ్చింది. పోయబోయి ఆగింది. గద్దె మీది మొలకలు గుర్తొచ్చాయి. వీటికి ఇన్నాళ్లూ ఎవరూ నీళ్లు పోయలేదు, ఎవరూ దండం పెట్టలేదు. మంచు పడింది, పొద్దుటెండ తగిలింది. అంతే.

"అమ్మా, ఒక్కసారి ముట్టుకోనా?" అంది కూతురు.

"వద్దు తల్లీ. నిద్రపోయే పసిపాపని మాటిమాటికీ లేపితే పెరుగుతుందా?"

రేగమ్మ నీళ్లు దూరంగా పారబోసింది. రాలిన తన ముళ్లన్నీ ఏరి మొలకల చుట్టూ కంచె గుచ్చింది. ముట్టుకోవాలని ఆమెకీ ప్రాణం లాగేది. ఓర్చుకుంది. మన్ను మరీ ఎండిన రోజు మాత్రం కాస్త తడి చిలకరించేది.

చలికాలం ముగిసేసరికి దవనం వాసన అడవంతా పాకింది. ఆ వాసన పట్టుకుని ఏనుగవ్వ వచ్చింది, వెనకే అందరూ వచ్చారు.

"తప్పుకోండి, పూజ నేను చేయిస్తా!" అంటూ పింఛయ్య దూసుకొచ్చి పురి విప్పాడు. తోక కంచెలో చిక్కుకుని అందమైన ఈకలు కొన్ని ఊడిపోయాయి.

"నువ్వు పురి ముడుచుకుని అలా కూర్చో నాయనా," అంది ఏనుగవ్వ. "రేగమ్మా, లేనిపోని దిష్టి నీకు అంటగడుతుంటే మేం నోరు మూసుకున్నాం. తప్పు మాది. ఇది నువ్వు కాపాడిన మొక్క, నువ్వే తుంచు."

రేగమ్మ కొసలు మాత్రమే తుంచింది. మిగతాది విత్తనానికి వదిలింది. ఏనుగవ్వ జింకపిల్లకి చుక్క అని, కుందేలుపిల్లకి దూది అని పేర్లు పెట్టింది. రేగమ్మ కూతురికి గరిక అని పెట్టింది.

సాయంత్రం పిల్లలన్నీ వాగు ఒడ్డున ఆడుకుంటున్నాయి. రేగమ్మ గొంతెత్తి, "గరికా!" అని పిలిచింది.

ఒక్క పిల్లే పరుగెత్తుకుంటూ వచ్చింది.

నీతి: లేతదాన్ని పెంచేటప్పుడు మన ముచ్చట కాదు, దాని అవసరం చూడాలి.