జీలుగుపుట్టు ఎక్కిన జీపు

మూడోసారి కూడా జీపు వెనక్కే జారింది.

చక్రాలు ఎర్రకంకరలో గిర్రున తిరిగాయి. రాళ్లు ఎగిరి పొదల్లో పడ్డాయి. కిరీటి బ్రేకు మీద దాదాపు నిలబడి, లోయకు రెండు గజాల దూరంలో బండిని ఆపాడు. దిగి టైరును కాలితో తన్నాడు.

పైన కొండ మీద జీలుగుపుట్టు. ముప్పై రెండు గడపలు. రేషన్ బండి అక్కడికి రాదు. ‘వాహనం పోయే దారి లేదు’ అని కాగితం మీద ఉంది. ఆ మాట రాసినవాళ్లెవరూ ఆ కొండ ఎక్కి చూడలేదు. బియ్యం బస్తాలు మాత్రం ఏళ్ల తరబడి ఆడవాళ్ల నెత్తిన ఎక్కుతూనే ఉన్నాయి.

ఒక్క బండి ఒక్కసారి పైకి వెళ్తే ఆ మాట కొట్టేస్తామన్నారు ఆఫీసులో. చూసి రాయడానికి జూనియర్ ఇంజనీరు పరాంకుశం గొడుగు వేసుకుని వచ్చాడు. ఇవాళే ఆఖరు. రేపు ఫైలు మూసేస్తారు.

“ఏమయ్యా, పోదనే రాసుకోనా?” అన్నాడాయన పెన్ను మూత తీస్తూ.

“రాసుకోండి! మీ కలాలకు వచ్చిందే ఆ ఒక్క మాట. మేం దారి అడుక్కోం. గుంజుకుంటాం!”

పరాంకుశం దారిని చూశాడు. జీపును చూశాడు. “గుంజుకో నాయనా, నేనేమన్నా వద్దన్నానా?”

అది సైన్యం వేలంలో అమ్మేసిన పాత జీపు. నర్సీపట్నం దగ్గర ఒక కోళ్ల షెడ్డులో దొరికినప్పుడు దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. కిరీటి గౌస్ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటూ రెండేళ్లపాటు దాన్ని బాగుచేశాడు. తుప్పు గీకాడు. వాల్వులు తన చేత్తోనే నూరి కూర్చాడు. మిలటరీ ఆకుపచ్చ రంగు వేసి, అద్దం కింద ఎర్రక్షరాలతో ‘కొండైనా కదలాల్సిందే’ అని రాశాడు.

ఉస్తాద్ ఒకప్పుడు సైన్యంలో జీపుల మెకానిక్. ఆ రాత చూసిన రోజు ఆయన ఒకటే అన్నాడు: “కొండ కదలకుండా ఉంటేనే మంచిది బేటా. కింద మనముంటాం.”

ఇప్పుడు ఆయన ఒక బండ మీద కూర్చుని జామకాయ తింటున్నాడు. తినడం అయ్యాక చేతులు దులుపుకుని లేచాడు.

“తప్పుకో.”

బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ రాడ్డు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. స్క్రూ డ్రైవర్‌తో కార్బురేటర్ మరను అర చుట్టు తిప్పాడు. ఊరికే తిరుగుతున్న ఇంజను చప్పుడు కాస్త నిండుగా అయింది.

“ఉస్తాద్! అది లేకపోతే పెడల్ తొక్కినా పనిచేయదు.”

“తెలుసు. నేనే తీశాను.”

“మరి ఎక్కేదెట్లా?”

“చెప్పులు విప్పు. ఫోర్ వీల్, లో గేరు, ఫస్టు. క్లచ్ వదిలాక రెండు కాళ్లూ సీటు మీద పెట్టుకుని మఠం వేసుక్కూర్చో. లో గేరులో ఇంజను తనంతట తానే లాగుతుంది. ఇంజను ఆపే స్విచ్ దగ్గర నా చెయ్యి ఉంటుంది.”

కిరీటి ముఖం ఎర్రబడింది. “చల్లబడమంటున్నారు. అంతేగా? ఆకలితో ఉన్నవాళ్లను ఓర్చుకోమన్నట్టు!”

“చల్లబడమని నేనెప్పుడన్నాను? ఇంజను చల్లారితే బండి కదలదు. ఎక్కు.”

కిరీటి చెప్పులు విప్పి ఉస్తాద్ పక్కన ఎక్కి కూర్చున్నాడు. వెనక రెండు బియ్యం బస్తాలున్నాయి. మిగతా ఆరు బస్తాలు దారి మొదట్లోనే ఉన్నాయి. క్లచ్ వదిలి కాళ్లు పైకి లాక్కున్నాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి.

జీపు కదిలింది. చీమ నడిచినట్టు నడిచింది. పరాంకుశం గొడుగుతో పక్కనే నడుస్తూ, “నాకంటే నెమ్మదిగా పోతోందే!” అన్నాడు.

చక్రాలు ఈసారి ఉన్నచోటే గిర్రున తిరగలేదు. ఒక్కో రాయినీ తడిమి, పట్టుకుని, దాని మీదికి ఎక్కాయి.

ఇందాక మూడుసార్లూ జారిన మలుపు వచ్చింది. ముందు చక్రం బండరాయికి ఆనింది. ఇంజను బరువుగా మూలిగింది. డుగ్... డుగ్... ఇక ఆగిపోతుందనిపించింది. కిరీటి కుడికాలు దానంతటదే కిందికి దిగి పెడల్‌ను తొక్కింది. పెడల్ ఖాళీగా ఆడింది.

ఉస్తాద్ ముందుకే చూస్తున్నాడు.

కిరీటి కాలు మళ్లీ పైకి తీసుకున్నాడు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు.

డుగ్.

చక్రం రాయెక్కింది. బస్తాలు ఒక్కసారి ఊగి కుదురుకున్నాయి. మలుపు వెనకబడింది.

“అబ్బో!” అన్నాడు పరాంకుశం రొప్పుతూ. ఇప్పుడాయనే జీపుకు పదడుగులు వెనకున్నాడు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు.

జీలుగుపుట్టులో మొదట చూసింది ఒక మేక. తర్వాత పసుపు ఆరబోస్తున్న కొర్రా చిలకమ్మ వెనక్కి తిరిగింది. చేతిలో చేట జారిపోయింది. ఆమె కేకకు ముప్పై రెండు గడపలూ ఖాళీ అయ్యాయి. పిల్లలు హారన్ మీద పడ్డారు. ఎవరో డప్పు తెచ్చారు. ముసలివాళ్లు వేడి బానెట్‌ను ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరారు.

పరాంకుశం ఆ బానెట్ మీదే కాగితం పరిచి, ‘లేదు’ అన్న మాటను కొట్టేసి ‘ఉంది’ అని రాశాడు. సంతకం పెట్టాడు. తన రాతను తానే మరోసారి చదువుకుని, ఎవరూ అడక్కుండానే దాని కింద ఇంకో సంతకం పెట్టాడు.

కిరీటి సీటు మీద లేచి నిలబడ్డాడు. ఈ రోజు కోసం రెండేళ్లుగా దాచుకున్న ఉపన్యాసం ఉంది. నోరు తెరిచాడు.

చిలకమ్మ ముందుకొచ్చింది. “ఏటి బాబూ ఇది? ముందు మూడుసార్లు కింద నుంచి ఒకటే గోల. బండి రానేదు. ఇప్పుడు సప్పుడే నేదు, సూస్తే ఇంటి ముందరున్నావు!”

అందరూ నవ్వారు. కిరీటి నోరు మూసుకున్నాడు. తర్వాత తనూ నవ్వాడు, చాలాసేపు.

బస్తాలు దించాక చిలకమ్మ నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్టకుదురును కొంగులోంచి తీసి జీపు బానెట్ మీద పెట్టింది.

“ఇకమీదట నువ్వు మొయ్యి,” అంది బండితో.

ఉస్తాద్ జేబులోంచి రాడ్డు తీసి కిరీటి ముందు పట్టాడు.

కిరీటి దాన్ని అందుకోలేదు. మళ్లీ చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు.

“కింద ఇంకా ఆరు బస్తాలున్నాయి ఉస్తాద్. ఎక్కండి.”