మూడేళ్ళ కొత్తమ్మాయి

నర్సింగ్ పరీక్షల్లో కెజియా కాలేజీకే మొదటిది. కాకినాడలో రెండు ఆస్పత్రులు ఆమెను రమ్మన్నాయి. ఎక్కడ చేరేదీ సోమవారంలోగా చెప్పాలి. నాలుగు రోజులు చేసి వదిలేసే పని కాదు, జీవితమంతా ఇందులోనే పైకి రావాలని ఆ పిల్ల ఆశ. తీరా చేరాక పొరపాటైందని తెలిస్తే ఎలా అని దిగులు.

శనివారం పొద్దున్నే తన టీచరు ఎస్తేరమ్మగారి ఇంటికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు నర్సులకు పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. కెజియా ఒక కాగితం తీసి చూపించింది. ఆస్పత్రివాళ్ళను అడగడానికి ఇరవై ప్రశ్నలు రాసుకుంది. ఎన్ని మంచాలు, ఏ ఏ మెషీన్లు, ఎన్నేళ్ళకు ప్రమోషను, అన్నీ అందులో ఉన్నాయి. అడగాల్సింది ఒక్కటీ వదల్లేదని కాస్త గొప్పగానే చెప్పింది.

"బాగా రాశావు. పద, చూసొద్దాం," అన్నారు ఎస్తేరమ్మగారు. కాగితం మాత్రం తిరిగివ్వలేదు.

మొదట పెద్దాస్పత్రికి వెళ్ళారు. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. కెజియా ఆఫీసు వైపు నడవబోతే, టీచరుగారు ఆమెను మూడో అంతస్తులో ఉన్న వార్డుకు తీసుకుపోయారు. పెద్దావిడ నిలబడి ఉండటం చూసి ఒక నర్సు తన స్టూలు తెచ్చి వేసింది. కెజియాకి బల్ల మీద తన పక్కనే చోటిచ్చి, చార్టులు రాసుకుంటూనే అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. మెడలో కార్డు వెనక్కి తిరిగి ఉంది. చేరి మూడేళ్ళయిందట.

అంతలో వార్డు ఇన్‌చార్జి, అంటే అక్కడి పెద్ద నర్సు, గుమ్మంలోంచి కేకేసింది. "కొత్తమ్మాయీ, నాలుగో బెడ్ సెలైన్ అయిపోవచ్చింది చూడు."

ఎవరిని పిలుస్తోందా అని కెజియా చుట్టూ చూసింది.

"నన్నే," అని నవ్వి లేచిందా నర్సు. "ఆవిడ తప్పేం లేదులే. ఆవిడొచ్చి ఇరవై రోజులు. ఇక్కడ ఇన్‌చార్జులెవరూ ఏడాది ఉండరు. ఏ ఇన్‌చార్జి వచ్చినా నేను కొత్తమ్మాయినే."

రెండో ఆస్పత్రి రెండు వీధుల అవతల. గోడలకు సున్నం వేసి చాలా కాలమైంది. ఫ్యాను తిరుగుతోందే గాని గాలి రావడం లేదు. ఎస్తేరమ్మగారు ఆ ఇరవై ప్రశ్నల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మంచం మీద ఉక్కపోతకు అల్లాడుతున్న ముసలాయనకు విసరడం మొదలుపెట్టారు. కెజియాకి ప్రాణం చివుక్కుమంది.

డాక్టరుగారు వచ్చి, ముసలాయనకు ముక్కులోంచి ఆహారం పోసే గొట్టం ఈ రోజు తీసేద్దామన్నారు. పక్కన పెద్ద సిస్టర్ ఉంది. ఆవిడ వెంటనే వెనక నిలబడ్డ ఒక చిన్న నర్సు భుజం పట్టుకుని ముందుకు తెచ్చింది. "పొద్దుట్నుంచీ ఈయన్ని చూస్తున్నది సువార్త. దాన్నడగండి."

ఆ పిల్ల తడబడుతూనే, నీళ్ళ చుక్క గొంతులో పడ్డా ఆయనకు పొలమారుతోందని, ఇవాళ వద్దని చెప్పింది. డాక్టరుగారు స్వయంగా చూసి, సరే, రేపు చూద్దామన్నారు. పెద్ద సిస్టర్ ఆ సంగతి చార్టులో రాయించి, కింద సువార్త చేతే సంతకం పెట్టించింది. ఆ పిల్ల చేరి రెండు నెలలట.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డారు. టైము ఒంటిగంటన్నర.

"తేల్చుకున్నాను మేడమ్. ఇక్కడే చేరతాను," అంది కెజియా. "మనిషిని పేరు పెట్టి పిలిచే చోట ఉండాలి. మూడేళ్ళు చాకిరీ చేసినా ఆ పెద్దాస్పత్రిలో ఆమె పేరు ఒక్కళ్ళకీ తెలీదు, చూశారా?"

"చూశాను," అన్నారు ఎస్తేరమ్మగారు. "ఇంతకీ ఏమిటమ్మా ఆమె పేరు?"

కెజియా అది అడగనే లేదు. అరగంట ఆ మనిషి పక్కనే కూర్చుంది.

ఇంటికెళ్ళే బస్సు వచ్చి ఆగింది. రెండింటికి డ్యూటీ మారుతుంది, ఆ తర్వాత వెళ్తే ఆమె ఉండదు. కెజియా బస్సెక్కలేదు. పెద్దాస్పత్రి వైపు గబగబా నడిచింది.