రాజుగారి ఆరగింపు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి నాయనలారా, గజసింహ భూపాలుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ పొగడ్తంటే పడి చచ్చేవాడు.

ఒకనాడు ఆస్థాన పండితుడు భవనారాయణ శాస్త్రి కొలువులో లేచాడు. "మహాప్రభూ, కూలివాడూ తింటాడు, తమరూ తింటారా? దేవుడు ఆరగిస్తాడు. తమరు మాకు దేవుడు. ఇకమీదట తమరూ ఆరగించాలి" అన్నాడు. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలంటూ గంటసేపు వాయించాడు. రాజు మీసం దువ్వుకుని శాసనం వేయించాడు. రాజుగారు తిన్నారని ఎవరన్నా సరే, దేశం విడిచిపోవాలి.

వారం తిరక్కుండానే ఒకరు దొరికారు. వంటశాలలో ముప్పై ఏళ్లుగా గరిటె తిప్పుతున్న బుచ్చెమ్మ, "మా బాబు నిన్న సరిగా తిననే లేదమ్మా" అని రాజుగారి గురించి ఎవరితోనో బెంగపడింది. శాస్త్రి చెవిన పడింది. మర్నాటి సాయంత్రానికల్లా పొలిమేర దాటమన్నారు.

ఆమె వడ్డనల పెద్ద అక్కిరాజు దగ్గర కళ్లొత్తుకుంది. "ఈ వయసులో ఎక్కడికి పోను బాబూ?"

అక్కిరాజు గుడి వంటశాలలో పెరిగినవాడు. "ఎక్కడికీ పోవద్దు. రేపు మధ్యాహ్నం రాజుగారికి ఇష్టమైనవన్నీ వండు. ఆపైన స్వామి ఉన్నాడు" అన్నాడు.

మర్నాడు ముద్దపప్పు, పులిహోర, పూర్ణాలు, గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలాడుతూ వచ్చాయి. రాజు చెయ్యి చాపాడు. అక్కిరాజు తెర లాగి, గంట మోగించి, ఆ చేతిని మెల్లగా పట్టుకున్నాడు.

"ఏమిటిది?"

"ఆరగింపు ప్రభూ. స్వామి చెయ్యి పెట్టడు, చల్లగా చూస్తాడంతే. తమరూ చూడండి."

రాజు చూశాడు. చూస్తుండగానే తెర తీశారు, వంటకాలు లేచాయి. తోటమాలులకు, బోయీలకు, కావలివాళ్లకు ప్రసాదమని పంచేశారు. మొదటి పూర్ణం పక్కనే నిలబడ్డ శాస్త్రికే అందింది. ఆయన కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

"శాస్త్రీ, ఇదేనా పద్ధతి?" అన్నాడు రాజు.

నిండిన నోటితో శాస్త్రి తలూపాడు. మరి కాదనడానికి లేదు కదా.

"మరి నాకేం మిగిలింది?"

"హారతి ప్రభూ."

"రాత్రికి?"

"పాలు పెడతాం. అవీ చూడటానికే."

రాజు కళ్లెర్రజేశాడు. అక్కిరాజు చేతులు జోడించాడు. "ఆరగింపన్న మాట ఎలా పుట్టిందో శాస్త్రిగారు చెప్పారు. ఎందుకు నిలిచిందో మా నాన్న చెప్పాడు. స్వామి ముందు పెట్టినదాంట్లో మెతుకు తగ్గదు. అంతా మన విస్తళ్లలోకే వస్తుంది. తనకని ఏమీ ఉంచుకోనివాణ్ణి తిన్నాడనడానికి నోరు రాక, ఆరగించాడంటాం. తమరికి ఆకలేస్తుంది ప్రభూ. తమరు తినకపోతే కుమిలిపోయే తల్లి ఒకతె వంటింట్లో ఉంది. ఆమెనే వెళ్లగొడుతున్నారు."

అంతలో రాజుగారి కడుపు గుర్రుమంది. అందరికీ వినబడింది. ముందు నవ్వింది రాజే. పొట్ట పట్టుకుని నవ్వాడు.

బుచ్చెమ్మను పిలిపించాడు. "ఇంకేమైనా మిగిలిందా?"

"మజ్జిగన్నం ఉంది బాబూ. తమరు ఆ... ఆర..." అని నాలిక తడబడింది.

"తింటాను, పెట్టమ్మా" అన్నాడు రాజు. అక్కడికక్కడే శాసనం కొట్టేయించి, చేతి కంకణం తీసి అక్కిరాజుకు తొడిగాడు. తొడుగుతూ చెవిలో అన్నాడట: "ఊరగాయ కూడా తెమ్మని చెప్పు."