పసుపు తీగ

కొండకింద రేకుల షెడ్డులో ఉండే గవిసామికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. చేతికి ఏదో ఒక పని చెప్పి పంపేవాడు. పని ముగించుకొని వచ్చేసరికి కొందరు తామేమడిగారో కూడా మరిచిపోయేవారు. ఓబులేసు మాత్రం మరిచిపోలేదు. అసలు మరుపు రాకపోవడమే అతని బాధ.

ఎరువుల అంగడి పెట్టుకొని బతికే ఓబులేసుకు ఒక్కతే కూతురు, యామిని. వానాకాలంలో వచ్చిన జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. దినాలు అయిపోయాక అతను సామి ముందు వచ్చి కూర్చున్నాడు.

"కన్ను మూసినా బిడ్డే, తెరిచినా బిడ్డే సామీ. కాసేపన్నా మరిచే దారి ఉంటే చెప్పండి."

సామి బయట నిలబడి ఉన్న ఓబులేసు పాత ఫియట్ కారును చూశాడు. "నన్ను ఊర్లకు తిప్పుతావు గదా. దాంట్లో పాటెందుకు రాదు?"

"రేడియో చచ్చి చానా కాలమాయ."

"పీకించి కొత్తది పెట్టించుకో పో. ఆ పైన మాట్లాడదాం."

ఆ రేడియోను ఓబులేసు కావాలనే అలా ఉంచాడు. మర తిప్పితే గాజు వెనక ముల్లు జరిగే పాతకాలం పెట్టె అది. యామిని ముందు సీట్లో కూర్చుని, కడప స్టేషను దగ్గర ముల్లు నిలిపి, ఇంక ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పెట్టె పలకడం మానేసినా ముల్లు ఆ పిల్ల నిలిపిన చోటే ఉంది. అయినా సామి మాట కాదనలేక, టౌనులో కార్లకు కరెంటు పని చేసే మస్తాన్ వలీ దగ్గరికి పోయాడు.

"ముల్లు కదలకుండా తీయాల," అన్నాడు ఓబులేసు.

మస్తాన్ పకపకా నవ్వాడు. "పలకని రేడియోకు ముల్లు యాడుంటే ఏందన్నా? లోపల ఎలకలు కాపురం పెట్టుండాయి చూడు!"

నవ్వుతూనే పెట్టెను ఇవతలికి లాగాడు. ముల్లును పట్టి ఉంచే దారం ఎన్నడో చీకిపోయి ఉంది. అది పుటుక్కున తెగి, ముల్లు జారి ఒక మూలకు పడింది. ఓబులేసు పాత పెట్టెను తువ్వాలలో చుట్టుకొని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకొని, కొత్తది బిగించేదాకా బల్లమీద కూర్చున్నాడు. మస్తాన్ ఇంక నవ్వలేదు.

కొత్తదానికి ముల్లు లేదు. నీలం వెలుగులో అంకెలు కనబడతాయి. ఓబులేసు వెతికి వెతికి కడప స్టేషను పట్టి దాంట్లో నిలిపాడు. కానీ బండి ఆపి తాళం తీస్తే చాలు, అది అన్నీ మరిచిపోయేది. మళ్లీ తాళం పెట్టగానే గడియారంలో సున్నాలు చూపించి, అప్పుడే పుట్టినదానిలా మొదటి నుంచి వెతుక్కునేది. అంత హాయిగా మరిచిపోగలిగే ఆ పెట్టెను చూస్తే మొదట్లో ఓబులేసుకు అసూయే కలిగింది. ఒకనాడు ఎంత వెతికినా ఆ స్టేషను దొరకలేదు. గరగర తప్ప మరేమీ లేదు. బండి నేరుగా మస్తాన్ అంగడికి తోలాడు.

మస్తాన్ లోపల చూసి నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదేన్నా. నీ పాతదానికి తాళం గుండా వచ్చే తీగ ఒక్కటే ఉండె. ఆ అలవాటులో దీని రెండు తీగల్నీ దానికే చుట్టేసినా. ఎర్ర తీగ పాడేదానికి, అది తాళం గుండానే రావాల. ఈ పసుపు తీగ గుర్తు పెట్టుకునేదానికి. దీన్ని నేరుగా బ్యాటరీకి కట్టాల. నువ్వు తాళం తీసి ఇంటికి పోయి పండుకున్నా ఇది పండుకోదు, కొంచెం కొంచెంగా కరెంటు తాగతానే ఉంటాది. బండి తిరిగితే తాగిందంతా మళ్లా నిండుతాది. నిలబెట్టినావనుకో, పాత బ్యాటరీ, తట్టుకోదు."

మస్తాన్ తీగ మార్చి కట్టాక పెట్టె ఏదీ మరిచిపోలేదు.

ఏడాది తిరిగి, బిడ్డను పోగొట్టుకున్న నెల మళ్లీ వచ్చింది. ఓబులేసు అంగడి తెరవడం మానేశాడు. సామి దగ్గరికి పోవడమూ మానేశాడు. కారు కొట్టంలో దుమ్ము పట్టి నిలబడిపోయింది. వానలు వెనకబట్టాక ఒక పొద్దున సామే నడుచుకుంటూ అతని ఇంటికి వచ్చాడు.

"బండి తీయి. పోదాం."

ఓబులేసు తాళం తిప్పాడు. చిన్న శబ్దం కూడా లేదు. నీలం వెలుగు రాలేదు. స్టీరింగు మీద తల ఆనించి, "మీరు చెప్పిన పని చేస్తినే సామీ. నేనడిగినదానికి జవాబు మాత్రం ఈ పొద్దుకూ చెప్పలేదు," అన్నాడు.

"ఏందిరా దీనికి?"

"పసుపు తీగ తాగేసింది."

"అయితే కోసెయ్."

ఓబులేసు కటింగ్ ప్లేయరు తెచ్చి, బానెట్టు ఎత్తి, తీగను దాని నోట్లో పెట్టాడు. కానీ నొక్కలేకపోయాడు.

"కోస్తే బిడ్డ స్టేషను పోతాది సామీ."

"ఇప్పుడుందా?"

బ్యాటరీ చచ్చిన నాడే అదీ పోయిందని ఓబులేసుకు తెలుసు. తెలిసీ, ఏమీ మోయని ఆ తీగను కోయడానికి అతనికి చేయి రాలేదు. ప్లేయరు కింద పెట్టి అక్కడే గోడకు చేరగిలబడ్డాడు.

సామి అతన్ని లేపలేదు, ఓదార్చలేదు. పంచె ఎగ్గట్టి కారు వెనక్కు పోయి, ఎముకలు తేలిన రెండు చేతులూ డిక్కీకి ఆనించాడు.

"ఎక్కి కూర్చో."

"మీరు తోసేదేంది సామీ! నవ్వుతారు."

"నవ్వనీ. ఎక్కు."

కారు కొట్టం దాటి సందులోకి దొర్లింది. ఓబులేసు గేరు వేసి క్లచ్చి వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. సామి మళ్లీ తోశాడు. మళ్లీ అంతే. సందు చివరికి వచ్చేసరికి సామి ఎగరొప్పుతున్నాడు. ఓబులేసు దిగి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"చాలు సామీ. ఇంజను అందుకోదు."

సామి తన చేతులు విడిపించుకొని మళ్లీ డిక్కీ మీద పెట్టాడు.

"అందుకుంటాదని నేను చెప్పినానా? నిలబెట్టకుండా తోస్తా ఉందాం, అంతే."