తాబేలు తవ్విన ఉత్త గుంట

ఈ కథలో వెనక జరిగింది ముందు పడితే ఏమీ అనుకోకండి. ఈమధ్య నాకు వరస తప్పుతోంది. గూడబాతు ఇసుక మోయడం ముందా, తాబేలు ఒడ్డుకు రావడం ముందా అని పొద్దున్నుంచీ ఆలోచించి, మోయడమే ముందని తేల్చుకున్నాను. అలా కాకపోతే కథ నిలవదు.

నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. వరద తెచ్చిన బరువైన ఇసుక మొగ దగ్గరే దిగిపోతుంది. తేలికైన బురద మాత్రం నీళ్లలో తేలుతూ తేలుతూ, అల తగలని మడ చెట్ల మధ్యకు చేరి అక్కడ కూర్చుంటుంది. అందుకే ఆ మొగకు ఉత్తరాన ఇసుక దిబ్బ, దక్షిణాన మడ అడవి. దిబ్బలో మనకు కనబడేది కొంచెమే. మిగతాదంతా నీళ్ల అడుగున మేటగా పరుచుకుని పైదాన్ని మోస్తూ ఉంటుంది.

మడ అడవిలో జగ్గప్ప అనే నక్క ఉండేవాడు. ఏటా చలి తగ్గే రోజుల్లో తాబేళ్లు వచ్చి ఉత్తరపు దిబ్బ మీద గుడ్లు పెట్టేవి. మధ్యలో పాయ. ఆ గుడ్ల కోసం జగ్గప్ప ఒకసారి ఈదబోయి పోటులో కొట్టుకుపోయి చావు తప్పించుకున్నాడు. ఇక తను అటు వెళ్లే బదులు గుడ్లనే ఇటు రప్పించాలనుకున్నాడు.

“బంగారయ్య బావా, నీ సంచి అలా ఖాళీగా వేలాడుతోందేం?” అని గూడబాతును పలకరించాడు.

“చేపలేవీ? ఆ మేట మీద చారెడు నీళ్లు, వేలెడంత పిల్లలు. నా ముక్కుకే సరిపోవు.”

“నీళ్ల అడుగున పడి ఉన్న ఇసుక ఎవరికి కావాలి చెప్పు? తోడెయ్. లోతు పెరిగితే పెద్ద చేపలు వాటంతటవే వస్తాయి. తోడింది మాత్రం నా గుమ్మంలో పొయ్యి. బురదలో నడిచి నా కాళ్లు చెడుతున్నాయి.”

గూడబాతు నోటి సంచినిండా ఇసుక నింపి మోయడం మొదలుపెట్టాడు. మేట మీద కాపురముండే పీత సూరమ్మ చూసి కళ్లు పైకెత్తింది.

“ఏం బావా, ఇసుక తింటున్నావా? అక్కయ్య వంట మానేసిందా?”

నోరు నిండా ఉంది కాబట్టి బంగారయ్య గుడ్లురిమి ఊరుకున్నాడు. పారబోసి వచ్చాక అన్నాడు: “ఇసుక ఇసుకే కదే. ఇక్కడుంటే ఏం, అక్కడుంటే ఏం?”

“ఇక్కడుంటే అలను ఆపుతోంది బావా. దీన్ని తీసేస్తే పైనున్న దిబ్బ దేని మీద నిలబడుతుంది?”

అతను వినలేదు. మేట తరిగింది. అల విరగకుండానే లోపలికి వచ్చి దిబ్బను కోసేసింది. నక్క గుమ్మంలో మాత్రం తెల్లటి కొత్త దిబ్బ లేచింది.

అప్పుడు వచ్చింది నూకాలు, ముసలి తాబేలు. ఉత్తరపు దిబ్బలోనే పుట్టిన మనిషి, ఎంత దూరం తిరిగినా గుడ్లకు అక్కడికే వచ్చేది. పొద్దు వాలుతుండగా తల పైకెత్తి చూస్తే దిబ్బ లేదు. సన్నటి చారిక, దాని మీదుగా దాటిపోయే అల. అక్కడ పెడితే గుడ్లు నీళ్లపాలు. కడుపులో బరువు చూస్తే ఇంకో రోజు ఆగేలా లేదు.

“దారి తప్పావా పెద్దమ్మా?” అన్నాడు జగ్గప్ప ఒడ్డున నిలబడి.

“నా దిబ్బ ఉత్తరాన ఉండాలి నాయనా.”

“పోయినేడూ ఇదే మాట అన్నావు. నేనే దగ్గరుండి ఇటు తీసుకొచ్చాను.”

“నువ్వా?”

“అదీ మరిచిపోయావా! వయసు మీద పడితే ఎవరికైనా ఇంతేలే. ముందు పేర్లు పోతాయి, తర్వాత దిక్కులు పోతాయి. నేనున్నానుగా, దిగులెందుకు?”

ఆ మాట భయపెట్టినంతగా ఏ అల కూడా నూకాలును ఎప్పుడూ భయపెట్టలేదు. మొన్న ఎక్కడ తిన్నదో, ఎవరితో మాట్లాడిందో నిజంగానే గుర్తులేదు. ఇదీ అలాగే పోయిందేమో. నక్క చూపించిన దిబ్బ ఎక్కింది.

తాబేలు వెనక కాళ్లతో తవ్వుతుంది. చూసి కాదు, తడిమి తెలుసుకుంటుంది. ఆమె పుట్టిన చోట ముందు పొడి ఇసుక, తర్వాత చల్లటి తడి ఇసుక, ఆ కింద పాత గవ్వల పొర గరగరమని తగిలేది. అక్కడ ఆగేది. ఇక్కడ పొడి ఇసుక కిందనే కాలు జిగటలోకి జారింది. మడ వేరు గుచ్చుకుంది. నల్ల బురద కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది.

నూకాలు ఆగింది. ‘దారి నేను మరిచిపోయి ఉండవచ్చు. నా కాళ్లు ఈ నేలను ఎప్పుడూ ఎరగవు.’

“ఏం పెద్దమ్మా, ఆగావు?”

“నా మతిమరుపు మండా! నువ్వు చెప్పిందే నిజం నాయనా, ఇదే చోటు. కాస్త అటు తిరుగు. చూస్తుంటే గుడ్డు పడదు.”

జగ్గప్ప మర్యాదగా అటు తిరిగాడు. ఆమె ఒక్క గుడ్డూ పెట్టలేదు. బురదలోకి కాలు అందినంత లోతు కెలికి, పైన ఇసుక కప్పి, రొమ్ముతో దబదబా చదును చేసింది.

“ఈసారి బాగా అడుగున పెట్టాను. కాపలా కాస్తావుగా?”

“కళ్లల్లో పెట్టుకుంటాను!”

ఆమె నీళ్లలోకి జారగానే నక్క తవ్వడం మొదలుపెట్టాడు. ఇసుక అయింది, బురద వచ్చింది. కంపు తగిలితే గుడ్ల వాసనే అనుకుని ఇంకా తవ్వాడు. తోక తప్ప అంతా గుంటలో ఉండగా పోటు వచ్చింది. ఆపే మేట లేదు కాబట్టి అల నేరుగా వచ్చి గుద్దింది. మెత్తటి బురద మీద పోసిన దిబ్బ పక్కకు జారిపోయింది. జగ్గప్ప ఎలాగో తల పైకి తిప్పుకుని మెడ వరకూ దిగబడ్డాడు.

“బావా! లాగు బావా!”

బంగారయ్య వచ్చాడు, సంచి ఇంకా ఖాళీయే. లోతు పెరిగింది కానీ పెద్ద చేప రాలేదు. మేట మీద మేసే పిల్లలు కూడా చెదిరిపోయాయి. అతను నక్క చెవి ముక్కుతో పట్టి, కోపమంతా తీరేలా లాగి ఒడ్డున పడేశాడు.

అటువైపు పీత అరుస్తోంది: “నూకాలక్కా, చారిక చివర కాస్త ఎత్తు మిగిలింది, ఇటు రా! ఏయ్ బావా, మోసుకెళ్లిన దారినే ఆ ఇసుక తిరిగి తే!”

ఈసారి బంగారయ్య ఎదురు చెప్పలేదు. అతను చుట్టూ పోస్తుంటే నూకాలు మధ్యలో తవ్వింది. పొడి ఇసుక. తడి ఇసుక. ఆ కింద గరగరమని గవ్వలు. ఆమె కళ్ల వెంట ఉప్పునీళ్లు కారాయి.

నీకు గుర్తులేదని ఎవరైనా మరీ ప్రేమగా చెబితే, వాళ్లను నమ్మేముందు కాలి కింద నేలను అడగాలి.

ప్రమీలా, అచ్చుకు పంపేముందు ఇందులో పేర్లు ఒకసారి సరిచూడవే. నక్క జగ్గప్పో, గూడబాతు జగ్గప్పో మధ్యలో ఎక్కడైనా కలిపేసి ఉంటాను. తాబేలు పేరు మాత్రం చూడక్కర్లేదు, అది నాకు గుర్తుంది.