అడుగున పడ్డ సీతలు

నిర్వాణప్ప స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పడు, లేచి చెప్పులు తొడుక్కుంటాడు. ఆ జవాబు ఏ ఊళ్లో ఉందో, ఎంత ఎండలో నడవాలోనని కాళ్ల నొప్పులున్న శిష్యులు అడగడమే మానేశారు. ఓబులేసుకు మాత్రం కాళ్ల సంగతి పట్టలేదు.

నిరుడు వానల్లో విషజ్వరం వచ్చి అతని కూతురు గంగమ్మ చనిపోయింది. అప్పటినుంచి చేను వదిలేశాడు, పెళ్లాంతో మాట వదిలేశాడు. పిల్ల ఎక్కడ మరపున పడుతుందోనన్న భయంతో, మంచం మీద ఆమె కళ్లు తేలేసిన ఆ సాయంత్రాన్నే పొద్దస్తమానం తలచుకునేవాడు. ఇప్పుడు ఎంత తలచుకున్నా ఆ మొహం గుర్తుకు రావడం లేదు. మంచం కనిపిస్తుంది, దుప్పటి కనిపిస్తుంది, పిల్ల మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"మరిచిపోకూడదని ఇంత గట్టిగా పట్టుకుంటే ఎట్ల జారిపోతాంది స్వామీ?" అని అడిగాడు.

స్వామి చెప్పులు తొడుక్కున్నాడు.

ఇద్దరూ తోలుబొమ్మలాడించే గణోజీ ఇంటికి వెళ్లారు. ఆట ముగిశాక బొమ్మల్ని బుట్టలో సర్దడానికి వాళ్లకో కట్టుబాటు ఉంది. రాక్షసులు ఒక పక్క, దేవతలు ఒక పక్క, మధ్యన చాప. ఏ పక్కనైనా కథ నడిచే వరసలోనే పేర్చాలి. ఒక్క సీతకే పెళ్లిసీత, అడవిసీత, అశోకవనంలో ఏడ్చే సీత అని వేరువేరు బొమ్మలు. ఆట మధ్యలో చూడకుండానే కావలసింది చేతికి అందాలి మరి.

సీతకు గొంతిచ్చేది గణోజీ భార్య సక్కూబాయి. ఏడ్చే సీతను ఆడిస్తూనే ఆమె తెర వెనక కుప్పకూలి ప్రాణం విడిచింది. గణోజీ ఆ బొమ్మను మళ్లీ వరసలో పెట్టలేదు. అన్నిటికీ పైన ఉంచుకున్నాడు. ఏ కథకని బుట్ట తెరిచినా ముందు అదే చేతికొచ్చేది. దాని మొహం నిమురుతూ కూర్చుంటే ఇక ఆట ఎక్కడిది? పిలిచేవాళ్లు పిలవడం మానేశారు.

"ఆ బొమ్మను ఇతనికి చూపించు గణోజీ" అన్నాడు స్వామి.

గణోజీ దాన్ని తీసి వెలుతురుకు పట్టాడు. చీర రంగులు నిక్షేపంగా ఉన్నాయి. బొటనవేలు తిరిగిన చోట కళ్లూ ముక్కూ చెరిగిపోయి ఉత్త తోలు మిగిలింది.

"పెళ్లిసీతను కూడా తియ్యి" అన్నాడు స్వామి.

గణోజీ అడుగుదాకా చెయ్యి పెట్టాడు. ఎన్నాళ్లుగానో గాలి తగలక, కింది బొమ్మలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలా పైకొచ్చాయి. సక్కూబాయి నవ్వుతూ ఆడించిన సీతలంతా అందులోనే ఉన్నారు. గణోజీ ఆ అట్టను ఒళ్లో పెట్టుకుని భోరున ఏడ్చాడు.

"విడదీస్తే రావా అన్నా?" ఓబులేసు ఆత్రంగా అడిగాడు.

"తడిగుడ్డ కప్పి ఓపిగ్గా తియ్యాల. వచ్చేటివి వస్తాయి. శానా వరకు చినిగిపోతాయి."

తిరుగుదారిలో ఊరు కనబడుతుండగా స్వామి ఆగాడు.

"నీ బిడ్డ మీ ఇంట్లో ఏడేండ్లు తిరిగింది ఓబులేసూ. నువ్వు దినామూ తీసి చూసేది ఆ ఒక్క సాయంత్రాన్నే."