పసుపు వెలిసేదాకా

ఒక కొండకు ఇవతల ఒక రాజ్యం, అవతల ఇంకొక రాజ్యం ఉండేవి. రెండింటికీ నడుమ, కొండ కనుమలో, ఒక ద్వారం ఉండేది. ద్వారానికి ఒక కాపరి ఉండేవాడు.

ఆ ద్వారం మొదటినుంచీ ఉన్నది కాదు. కొండను స్వామి చేశాడు. కనుమనూ ఆయనే చేశాడు. గాలి అటూ ఇటూ తిరగడానికి దారి వదిలాడు. తలుపులు మాత్రం ఆయన చేసినవి కావు. ఈ సంగతి కొంగున ముడి వేసుకోండి తల్లీ, చివర్లో విప్పుకుందాం.

ఇవతలి రాజ్యంలో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె చెల్లెల్ని, తలుపులు లేని రోజుల్లో, కొండ అవతలికి ఇచ్చారు. పెళ్ళయిన కొత్తలో ఆ పిల్ల పుట్టింటికి వచ్చి, అక్క చేత తల దువ్వించుకుని, జడ వేయించుకుని, "వస్తానక్కా" అని వెళ్ళింది. ఆ ఏడే కనుమలో తలుపులు లేచాయి. ఆ మాట గాలిలో ఉండిపోయింది. చూస్తూండగానే జడ వేసిన చేతులు ముడతలు పడ్డాయి.

ముసలమ్మకి ఉన్న కోరిక ఒక్కటే. ఆ చెల్లెల్ని ఒక్కసారి చూడాలి. ఏ పూజకి కూర్చున్నా దేవుడితో చివర చెప్పుకునేది అదే. చెప్పీ చెప్పీ ఆయనకి కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఒక ఏడు పంటలు బాగా పండాయి. కొడుకు అన్నాడు, అందరం కలిసి పిన్ని ఇంటికి పోదాం, వెళ్ళీ వెళ్ళగానే తిరిగొచ్చేది కాదు, వేసవి అంతా ఉండి, తొలకరి పడ్డాక వద్దామని. కోడలు పొడులు దంచింది, అప్పడాలు కట్టింది. మనవరాలు అందరికంటే ముందు బండెక్కి కూర్చుంది. అలా నలుగురూ కనుమ చేరారు.

ద్వారం దగ్గర కాపరి నియమాలు చెప్పాడు. అతను అవతలి రాజ్యం వాడు. ఇవతలి భాష వచ్చేపోయే వాళ్ళ దగ్గర ఒక్కొక్క మాటగా ఏరుకుని నేర్చుకున్నాడు. కుటుంబం అంటూ ఒకటి లేదు, ఎవరి అనుమతి వారిదే, చంకలో బిడ్డదైనా సరే అన్నాడు. అవతల మీకు అన్నం పెట్టేవాళ్ళు వచ్చి, మేం ఉన్నామని పూచీ పలకాలన్నాడు. చెల్లెలి కొడుకు ఆ సరికే వచ్చి, మా పెద్దమ్మే, మా ఇంట్లోనే ఉంటారని పలికి వెళ్ళాడు. అక్కడ ఏ పనికీ చెయ్యి పెట్టకూడదు, చుట్టం చుట్టంలాగే ఉండాలన్నాడు. ఇక అన్నిటికంటే పెద్ద నియమం చివర చెప్పాడు. మిమ్మల్ని వెనక్కి లాగేది ఏమిటో ఎవరికి వారు చూపించాలి.

కొడుకు ఇంటి తాళంచెవి చూపించాడు. కాపరి తలూపాడు. కోడలు, చూలు ఆవుని పొరుగింటి వాళ్ళకి అప్పజెప్పి వచ్చానంది. "మీ గట్టి తలుపులకంటే దాని అరుపు గట్టిదండీ, ఈని అరిచిందంటే పరిగెత్తాలి" అంది. కాపరి దానికీ తలూపాడు. మనవరాలు, దడి పక్కన అనపగింజ పెట్టానని, పాదు పాకిందో లేదో చూసుకోవద్దా అని ఎదురడిగింది. కాపరి మీసం చాటున నవ్వాడు.

ముసలమ్మ వంతు వచ్చింది.

ఆమె ఆలోచించింది. ఇల్లు కొడుకుది. ఆవు కోడలిది. పాదు మనవరాలిది. తనకంటూ ఉన్న ఆ ముగ్గురూ తనతోనే వస్తున్నారు. నోట అబద్ధం రాని మనిషి.

"నన్ను వెనక్కి లాగేది ఏమీ లేదు నాయనా. లాగేదంతా ఆ వైపే ఉంది" అని తలుపులకేసి చూపించింది.

నిజం చెప్పింది. ఆ చోట చెప్పకూడని నిజం అదొక్కటే.

ఈ ముగ్గురూ వెళ్ళవచ్చు, ఈమెకి వీల్లేదు అన్నాడు కాపరి. కొడుకు బతిమాలాడు. ఈవిడ కోసమే కదా మా ప్రయాణం, ఈవిడ లేకుండా మేం పోయి ఎవరి మొహం చూడాలని కోడలు అడిగింది. అనుమతి మనిషికే గాని మమకారానికి కాదని కాపరి చెప్పాడు. ఆ మాట అనేటప్పుడు ఎందుకో నేల చూశాడు.

ముసలమ్మ కొంగు సర్దుకుంది. మీరు వెళ్ళిరండని కొడుక్కి చెప్పింది. దాని జుట్టు నెరిసిందో లేదో చూసి వచ్చి చెప్పమంది. కాపరికి దణ్ణం పెట్టి, "వస్తాను నాయనా" అని వెనుదిరిగింది.

కాపరి బల్లెం నేలకేసి కొట్టాడు. "ఆగు. రాకూడదని ఇప్పుడేగా చెప్పాను. వస్తానంటావేమిటి?"

"రావడం లేదు. వెళ్తున్నాను."

"వెళ్ళేవాళ్ళు ఎవరైనా వస్తానంటారా?"

కోడలికి అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "మా వైపు అంతేనండీ. చుట్టాలు గుమ్మంలో నిలబడి, వస్తాం వస్తాం అంటూ ఇంకో పూట కబుర్లు చెబుతారు. కదలరు."

ముసలమ్మ నవ్వలేదు. "గడప దాటేటప్పుడు పోతానని అనకూడదు నాయనా. పోతానంటే ఆ గడపతో తెగిపోయినట్టు. వస్తానంటే, మళ్ళీ దీన్ని తొక్కుతానని మాట ఇచ్చినట్టు."

"ఎవరికి మాట?"

"ఆ గడపకి."

కాపరి ఆ గడపకేసి చూశాడు. "మీ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఏమన్నావు?"

"దేవుడి గూడు వైపు తిరిగి, వస్తాను స్వామీ అన్నాను. మా వాడు తాళం వేశాడు."

అయ్యా, ఆ కాపరి భాషలో వెళ్ళేవాడు పోతున్నాననే అంటాడు. వేరే మాట లేదు. ఈ కొలువులో చేరడానికి వచ్చేనాడు తన తల్లితో అతనూ అదే అన్నాడు. పోతున్నానన్నాడు, వచ్చాడు, మళ్ళీ పోలేదు. కనుమలో నిలబడి ఒకరిని అటూ ఒకరిని ఇటూ పంపుతూ ఉండిపోయాడు.

అతను బల్లెం పక్కకి తీశాడు.

"ఒక మాటని నమ్మి తలుపు తీయడం నాకిదే మొదలు" అన్నాడు. "నీ మాట నిలబడితే, నీ వెనక ఈ మాట చెప్పిన ప్రతివాళ్ళకీ తీస్తాను. నిలబడకపోతే, ఇంకెవరు చెప్పినా తీయను."

ముసలమ్మ వెనక్కి చూసింది. వరసలో తనలాంటి వాళ్ళే ఉన్నారు. చూపించడానికి చేతిలో ఏమీ లేనివాళ్ళు.

కాపరి నలుగురి మణికట్లకీ పసుపు దారాలు కట్టాడు. ఈ పసుపు వెలిసి దారం తెల్లబడేలోగా తిరిగి రావాలన్నాడు. ముసలమ్మ చెయ్యి చాపడానికి జంకింది. భర్త పోయాక తన ఒంటికి పసుపు తగలనిచ్చినవాళ్ళు లేరు. కాపరికి ఆ సంగతులు తెలియవు. చుట్టాలందరికీ ఒకటే రంగు అని చెప్పి, చెయ్యి పట్టుకుని ముడి వేశాడు.

చెల్లెలి ఇల్లు చేరేసరికి ఆమె అరుగు మీద బియ్యం ఏరుతోంది. జుట్టు దూదిలా నెరిసి ఉంది. తలెత్తి చూసింది. చేట ఒళ్ళోంచి జారిపోయింది.

"వస్తానని చెప్పి వెళ్ళింది నువ్వు. వచ్చింది నేను" అంది ముసలమ్మ.

"తలుపులు వేసింది నేనా అక్కా?" అంది చెల్లెలు. అని, కాళ్ళకి నీళ్ళు తెచ్చింది. తొందరలో సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి.

ఆ వేసవి అంతా ఇద్దరూ ఒక చాప మీదే కూర్చున్నారు. పనికి చెయ్యి పెట్టకూడదు కదా. చెల్లెలు చిక్కుళ్ళు ముందేసుకుంటే అక్క చెయ్యి దానంతటదే ఈనెలు తీసేది. ఇది పనేనే, ఎవరైనా చూస్తే అని అక్క భయపడితే, మాటలు నువ్వు ఆడుతున్నావు, చేతులు వాటి దారిన అవి ఆడుతున్నాయి, దీన్ని పని అంటే మన అమ్మ నవ్వుతుందని చెల్లెలు తీసిపారేసేది. సాయంత్రాలు అక్క చెల్లెలికి తల దువ్వేది. జడకి జుట్టు చాలేది కాదు. ముడి వేసేది. వేసి, విప్పి, మళ్ళీ దువ్వేది.

దారాలు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. కాలవలో ఈదులాడే మనవరాలి దారం అందరికంటే ముందు వెలిసింది. కోడలిది గిన్నెల దగ్గర, కొడుకుది చెమటకి. ముసలమ్మ ఆ చెయ్యి తడవకుండా పైకెత్తి స్నానం చేసేది. దణ్ణం పెడుతున్నట్టు ఉండేది చూసేవాళ్ళకి. నిజంగా దణ్ణమే అది.

తొలకరి పడింది. మూటలు కడుతూ కోడలు ఆగిపోయింది.

"అత్తయ్యా, మా అందరివీ తెల్లబడుతున్నాయి. మీది వచ్చిన రోజుకంటే పచ్చగా ఉందే!"

ముసలమ్మ చెయ్యి చూసుకుంది. చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తన వేళ్ళు కొంగులో దాచుకుంది. మధ్యాహ్నాలు అక్క కునుకు తీసినప్పుడల్లా ఆ వేళ్ళు ఏం చేశాయో అప్పుడు అందరికీ తెలిసింది. గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఉంది.

ఎవరూ మందలించలేదు. కొడుకే అన్నాడు, "ఉండిపో అమ్మా. కాపరి చూసేది దారాన్నే. పచ్చగా ఉన్నన్నాళ్ళు ఎవరూ అడగరు. నేను మళ్ళీ వేసవికి వస్తాను."

ముసలమ్మ చాపకేసి చూసింది. ఉండాలనే ఉంది. ఆ చాప మీద తన పక్కన చెల్లెలు కూర్చునే చోటు నొక్కుకుపోయి ఉంది. దాన్ని అరచేత్తో నిమిరింది.

"నన్ను ఏం చూసి పంపాడో మీరంతా విన్నారు" అంది. "నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాట. నేనిక్కడ ఉండిపోతే అది అబద్ధమైపోతుంది. వరసలో నా వెనక ఉన్నవాళ్ళ దగ్గరా ఉన్నది అదే."

లేచి బావి దగ్గరికి నడిచింది. కుంకుడురసం అడిగింది. కోడలు తేబోతే చెల్లెలు ఆపింది. తనే తెచ్చింది. తనే తోడింది. అక్క చేతి మీద తనే పోసింది. పసుపునీళ్ళు మడిలోకి పారి కనకాంబరాల మొదట్లో ఇంకిపోయాయి. చేతికి తెల్లటి దారం మిగిలింది.

చెల్లెలు ద్వారందాకా వచ్చింది. అంతకుమించి రాకూడదు. తలుపులు తీసి ఉన్నాయి. కొడుకు, కోడలు, మనవరాలు దాటి తమ రాజ్యం వైపు నిలబడ్డారు. కాపరి ముసలమ్మ మణికట్టు చూశాడు. వెలిసిన దారాలు రోజూ చూసేవాడే. అది నాని వెలిసింది కాదని, రుద్దితే వెలిసిందని పోల్చుకున్నాడు. ఏమీ అడగకుండా ముడి విప్పాడు.

ముసలమ్మ గడప మీద ఆగింది. గడప మీద నిలబడకూడదని చిన్నప్పుడు చెల్లెల్ని ఎన్నిసార్లు కోప్పడిందో. ఇప్పుడు తనే నిలబడింది.

అటునుంచి కొడుకు పిలిచాడు. "అమ్మా, రా. ఎండెక్కుతోంది."

ఇటునుంచి చెల్లెలు పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"వస్తాను" అంది ముసలమ్మ.

కొడుకు విన్నాడు. వస్తోందని చెయ్యి చాపాడు. చెల్లెలు వింది. మళ్ళీ వస్తుందని తలూపింది. అన్నది ఒక్కసారే. ఎవరి మాట వారికి అందింది. కాపరికి ఇప్పుడు ఆ భాష బాగా తెలుసు. ఎవరితో అన్నావని అడగబోయి, మానేశాడు.

బండి మలుపు తిరిగింది. చెల్లెలు వెళ్ళిపోయింది. కాపరి తలుపులు దగ్గరికి లాగాడు. గడియ మాత్రం వేయలేదు. మీరు కొంగున వేసుకున్న ముడి ఇప్పుడు విప్పండి తల్లీ. కనుమలోంచి స్వామి చేసిన గాలి వచ్చి, మనిషి చేసిన తలుపుని కాస్త తోసింది. కాపరి గడియని చేత్తో పట్టుకుని, తన ఊరి దిక్కుకి తిరిగి, తనది కాని భాషలో, ఆ మాటని మెల్లగా అని చూసుకుంటున్నాడు.